వలు ఇటు

అమీర్‌పేటల మూడో అంతస్తు. ఆదివారం.
కోచింగ్ క్లాసు బెంచీలన్నీ గోడకు జరిపి
నిచ్చెన వేసినం.
పైన తెల్లటి చతురస్రం, నాలుగు దిక్కులకు నాలుగు పెదాలు,
నడుమ దుమ్ము మేసిన జల్లెడ.
మూడో వరుస మీద నీళ్లు కారుతున్నయట, వారం సంది.
"గ్యాస్ అయిపోయుంటది, నింపి పోండి" అన్నడు మేనేజరు.
గ్యాస్ అయిపోదు సారూ, పోతే ఎక్కడ్నుంచో పోవాలె,
అనలేదు.
ముందుగాల బోర్డు దగ్గరికి నడిచిన.

ఎమ్‌సీబీ కిందికి. దానికో బుడ్డ తాళం.
"పని నడుస్తుంది, ముట్టొద్దు", అట్టముక్క, సుతిలి తాడు.
టెస్టరును బతికున్న సాకెట్ల పెట్టి
అది బతికుందని తెలుసుకున్నంకనే
చచ్చిన తీగను అడిగిన, నిజంగ చచ్చినవా అని.
నర్సింగ్ నవ్విండు. పద్దెనిమిదేండ్లు వానికి.
నేను కూడ నవ్విన ఒకప్పుడు, జహంగీర్ ఉస్తాద్ ముందర.

ఆబిడ్స్‌ల బట్టల దుకాణం. ఉస్తాద్ నిచ్చెన మీద.
చీకటిగుందని ఎవరో పెద్దమనిషి
మంచితనంతోనే స్విచ్చి వేసిండు.
ఆ కథ ఉస్తాద్ ఎన్నడూ చెప్పలె.
ఎడమచేతి రెండు వేళ్లు చాయ్ గ్లాసు పట్టకపోతే
కుడిచేత్తో తాగుతడు, అంతే.
నా మొదటి రోజున మాత్రం
తాళంచెవి తీసి నా అంగీ జేబుల వేసిండు.
"ఎవడెక్కితే వాని జేబులనే."

జాలి విప్పి దారంతో వేలాడదీసినం.
సుద్దముక్కల పొడి, ఎవరెవరివో వెంట్రుకలు,
ట్రేల జిగట, జిగటల ఎండిన బల్లి ఒకటి.
నర్సింగ్ ముఖం తిప్పుకున్నడు.
బ్రష్షు, బకెట్టు, పంపుల ఇరుక్కున్న పీచు.
ఇంతటితోనే దిగిపోవచ్చు. శానా మంది దిగిపోతరు.
నేను పక్క పలక లేపి టార్చి కొట్టిన.

సీలింగంటే కప్పు కాదుర, కప్పు వేసుకున్న వేషం.
దాని మీద చెయ్యి ఆనించకు, కాలు అసలే వద్దు.
ముప్పై కిలోల ఇనుము మోసేది
ఆ పైన ఉన్న అసలు స్లాబు,
దాంట్ల దిగిన నాలుగు బోల్టులు, నాలుగు కడ్డీలు.
కడ్డీకి రెండు నట్లు. ఒకటి పట్టుకుంటది,
రెండోది మొదటిదాన్ని నమ్మదు.
నట్టు మీంచి కడ్డీ మీదికి ఎర్రటి గీత:
ఆపా గోళ్లరంగు సీసా, ఉస్తాద్ ఎత్తుకొచ్చినది.
గీత తెగిందంటే నట్టు కదిలిందన్నట్టు.

మూడు గీతలు నిండుగున్నయి.
నాలుగోది పావు వేలు తప్పింది.

కాసేపు నేనేం మాట్లాడలె.
కింద మూడో వరుస ఖాళీగ ఉంది, ఆదివారం గనుక.

పానా అడిగిన. బిగించిన. మళ్లీ ఎర్రగ గీసిన.
అప్పుడు కనపడ్డది స్లాబు మీద
వడ్రంగి పెన్సిలుతో గీసిన బాణం,
కింద, బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్న తెలుగుల:
"వలు ఇటు".
దీర్ఘం లేదు. తారీఖు ఉంది, పదేండ్ల కిందటిది.
బాణం చూపిన దిక్కుకు పైపు పోయింది,
మీటరుకు వేలు మందం జారుకుంట,
సగం దూరం.
ఆడ ఇంటర్నెట్ తీగలు గుంజినోడెవడో
క్లాంపు పీకి తన తీగ కట్టుకున్నడు.
పైపు కడుపు జారింది. నీళ్లు కడుపుల నిలిచి
వెనక్కి మర్లినయి.

కొత్త క్లాంపు. రసమట్టం. చెంబెడు నీళ్లు ట్రేల.
కిటికీ బయటికి తల పెట్టి
"అన్నా, వచ్చినయ్!" అని నర్సింగ్ కేక,
ఏదో చెరువు నిండినట్టు.

పెన్సిలు తీసిన, దీర్ఘం పెడదామని.
పెట్టలె.
నీళ్లు పదేండ్లు అట్లనే చదువుకున్నయి గద.

పలక మూసినం. ఇద్దరం దిగినం.
ఇద్దరం దిగినమని ఇంకోసారి చూసుకొని
జేబులకెళ్లి తాళంచెవి తీసిన.
"గ్యాస్ నింపిండ్రా?" అన్నడు మేనేజరు.
బిల్లు మీద రాసిన:
నట్టు బిగింపు ఒకటి, క్లాంపు ఒకటి.
పైపు వలు సరిచేయబడినది.