కూచునే బటన్

ఆదోని మార్కెట్ యార్డు ఎదురుగా, మిద్దె మీద గది.
పత్తి బేళ్ల లారీ పోయినప్పుడల్లా
తెర వణుకుతుంది, తెరలోని ఊరు కూడా.

పదకొండు మందిమి. నాలుగు పాత లాప్‌టాప్‌లు,
వాటి బ్యాటరీలు ఎప్పుడో చచ్చినాయి.
మూడు గంటలకు కరెంటు పోతుందని
షాషావలి ముందే చెప్పినాడు. ఆట చేసినోడు అతనే,
వాళ్ల నాయన జిన్నింగు మిల్లులో హమాలి.

ఆటలో నువ్వు చూసి రాసేవాడివి.
చేతిలో నోటు పుస్తకం, చెప్పుల్లో దుమ్ము.
విత్తనపత్తి చేను. క్రాసింగ్ పని నడుస్తాంది.
సాళ్ల మధ్య ఒక పాప, పత్తిచెట్టు ఎత్తే ఉంటుంది.
చూసింది చూసినట్టు రాయాల,
విన్నది విన్నట్టు,
అనుకున్నది వేరే పేజీలో.

మొదట మద్దిలేటి ఆడినాడు, బిరబిరా.
"నీ వయసెంత పాపా?" నొక్కినాడు.
గట్టు మీద గొడుగు కింద మేస్త్రిని చూడలేదు.
"పదైదు" అనింది పాప, నేల చూసి.
మరుసటి రోజు ఆ సాలు ఖాళీ.
తెర మీద ఎర్ర అక్షరాలు లేవు, మోత లేదు,
ఒట్టి సాలు.
నీళ్లు తాగొస్తానని పోయిన మద్దిలేటి
చాలాసేపు రాలేదు.

ఖాజాబీ పాప పేరు, ఊరు, వాళ్లమ్మ పేరు, అన్నీ రాసింది.
ఆ పుస్తకం మూడో రోజు ఎవరి జేబులోకి పోయిందో
ఆట చూపించింది.
"పేరు రాయకుంటే ఆ బిడ్డను ఎట్ల గుర్తుపెట్టుకునేది?"
ఎవరమూ వెంటనే చెప్పలేకపోయినాం.

అప్పుడు ఉరుకుందమ్మ కూచునింది.
ఏమీ నొక్కలేదు.
పాప పూలు గిల్లుతానే ఉండాది,
ఎర్ర కాగితం చుట్టి ఇంకో పూవుకు పోతానే ఉండాది.
"ఏమక్కా, హ్యాంగయిందా?"
"లేదబ్బా. కూచునే బటన్ యాడుండాది?"
లేదు.
నడువు, అడుగు, ఫొటో తియ్యి, రాయి, వెళ్లిపో.
ఐదే.

"తొమ్మిదేండ్లప్పుడు నేను ఆ సాల్లోనే ఉంటి,"
పత్తి ధర చెప్పినట్టు చెప్పింది.
"బూట్లేసుకొని ఒకాయన వచ్చినాడు. నిలబడే అడిగినాడు.
నిలబడినోళ్లకు నేను నిజం చెప్పలే."

కరెంటు పోయింది, రెండున్నరకే.
నల్లటి తెరల్లో మా మొహాలు మాకు కనపడినాయి.

వారం పట్టింది షాషావలికి.
ఇప్పుడు ఆరో బటన్ ఉంది.
నొక్కితే నీ బొమ్మ గట్టు మీద కూచుంటుంది,
నీడ సాగుతుంది, మేస్త్రి టీకి పోతాడు,
పాప తన మేకపిల్ల సంగతి చెప్తుంది,
దాని కుంటి కాలు, అది నమిలిన చీర కొంగు.
దానికి మార్కులు లేవు.
కనీసం ఐదైనా ఇయ్యాలని మద్దిలేటి కొట్లాడినాడు.
ఉరుకుందమ్మ ఒప్పలే.

పోయిన బేస్తవారం నిజం చేనికి పోయినాం, హొళగుంద దావలో.
నేర్పేదాన్ని కదా, నేనే ముందు నడిచినాను.
ఒక పాప తలెత్తింది.
ప్రశ్న నా నాలుక చివరుండింది.
వెనకనించి ఉరుకుందమ్మ నా కొంగు లాగింది.

నేల వేడిగా ఉండింది.
కూచున్నాం.