మూడున్నర తీసెయ్యాలి

వంటింటి గడియారంలో పదకొండున్నర.
అంటే ఈడ రాత్రి ఎనిమిది.

వచ్చిన మొదటి ఆదివారమే స్టూలు ఎక్కి
ముల్లు తిప్పి పెట్టుకున్నాడు ఆయప్ప, వాళ్ళ కొరియా టైముకి.
పోరూరు ఫ్లాటులో అన్నీ కంపెనీవే,
మంచాలు, ఫ్రిజ్జు, నీలం దుప్పట్లు, వంటకి నేను.
ఆ గడియారం ఒక్కటే ఆయన మాట వినింది.

అప్పట్నించీ నాకు తీసివేతలే.
తొమ్మిదికి నీళ్ళ క్యాను, అంటే తెల్లారి ఐదున్నర.
పదింపావుకి ఒరగడం పోయే వ్యాను, అంటే ఆరూ ముప్పావు.
మూడో తరగతిలో ఎగ్గొట్టిన లెక్కలన్నీ
నలభై రెండో ఏట ఉప్మా కలుపుతా చేస్తుండా.

నాకూ ఈ ఊరు సొంతం కాదు.
శనివారం సాయంత్రం సూళ్ళూరుపేట లోకల్లో పోతా,
సోమవారం చీకటితోనే వచ్చేస్తా.
కూరగాయల కొట్లో నా అరవం వినగానే
కిలోకి రెండు రూపాయలు పెరుగుద్ది.
ఆయప్పకి, నోరు తెరవకముందే ఇరవై.

పెంచలమ్మ అనడం రాక "పెన్చా" అంటాడు.
మిగతా మాటలన్నీ ఫోనుతో.
దానికి తన భాషలో ఏదో గొణుగుతాడు,
అది నాకు అప్పజెప్పుద్ది
మా మండలంలో ఎవురూ మాట్లాడని తెలుగులో:
"నేను ఆకలిని కలిగి లేను."
"ఈ దినము రంగులు వేయు యంత్రము మూడు పర్యాయములు ఏడ్చినది."
"ఈ చారు మిక్కిలి ధైర్యము గలది."
నవ్వు ఆగక సింకు వైపు తిరిగేదాన్ని.

తిన్న పళ్ళెం తనే కడుక్కుంటాడు.
నీళ్ళ క్యాను మూతలు మాత్రం పారెయ్యనీడు,
ఒక్కోటీ తీసి బాల్కనీ బకెట్లో వేస్తాడు.
ఎందుకని నేనడగలా.

వాచ్‌మన్ ఏళుమలై గేటు దగ్గిర
"నామ్ సార్, నామ్ సార్" అని పిలిచి పిలిచి
ఓ పొద్దు పగలబడి నవ్వాడు.
అరవంలో నామ్ అంటే మనం కదా పెంచలా,
నువ్వూ నేనూ అందరం కలిపి.
ఆ రాత్రి ఫోనుకి చెప్పా, ఫోను ఆయప్పకి చెప్పింది.
చెంచా అట్టానే పట్టుకుని చాలాసేపు ఉండాడు.
తర్వాత ఫోను అనింది:
"నా భాషలో ఈ ధ్వనికి పరాయి మనిషి అను అర్థము కలదు."
నేనేమంటాను.
ఇంకో గరిటె అన్నం పెట్టా.

డిసెంబరు తుపానుకి రెండు రోజులు కరెంటు లేదు.
ఫోను చచ్చింది, దాంతోపాటు దాని తెలుగూ.
కొవ్వొత్తికి అటొకరం ఇటొకరం.
గోడమీద గడియారం మటుకు
బ్యాటరీ బలంతో ఒంటిగంట చూపిస్తా ఉంది.
ఆయప్ప దాన్ని చూపించి,
నేల నించి మోకాలి పైదాకా చెయ్యి ఎత్తి,
రెండు అరచేతులూ చెంప కింద పెట్టుకుని కళ్ళు మూశాడు.
నేను వాన కొట్టే కిటికీ వైపు చూపించా.
నా చెయ్యి ఇంకొంచెం పైకి, భుజందాకా పోయింది.
చెంప కిందికి మాత్రం అట్టానే వచ్చింది.

సూళ్ళూరుపేటలోనూ ఇదే టైము.
తీసెయ్యడానికి ఏమీ లేదు గనక
నేను దూరంగా ఉండానని ఎవురూ అనరు.
ఆయప్పకి దూరానికని జీతం మీద వేరే డబ్బులంట.

పోయిన మంగళవారం వెళ్ళిపోయాడు.
బకెట్టు తెచ్చి నా ముందు పెట్టాడు.
తర్వాత లెక్కపెట్టా, నూటపదమూడు మూతలు.
లిఫ్టులో నిలబడి ఫోను నోటి దగ్గిర పెట్టుకున్నాడు,
"ఇవి నా యొక్క" అనింది ఫోను.
తలుపు మూసుకుంది.

గురువారం ఇంకొకాయన దిగుతాడంట, జర్మనీ.
వాళ్ళు మనకన్నా వెనకంట, ఈసారి కలుపుకోవాలంట.
సూపర్‌వైజరు పొద్దున వచ్చి గోడ చూసి
టైము తప్పు చూపిస్తుంది, సరిచెయ్యి అన్నాడు.
సరే సార్ అన్నా.
స్టూలుకి ఓ కాలు కదులుతుంది.

గోడమీద మూడైంది, అంటే పదకొండున్నర.
గురువారం దాకా టైముందిలే.