తడి కాటా

మంగంపేట గనికాడ కాటా గుమాస్తాగా
ముప్పై రెండేండ్లు లారీలు తూచినోణ్ణి.
నాకు మనుషులకంటే బరువులే బాగా గుర్తు.
అయినా ఆయన్ను మర్చిపోలా.

డెబ్బై తొమ్మిది, ఏప్రిల్ నెల.
కోడూరు మామిడికాయల లారీల వెనకమాలే
దుమ్ము కొట్టుకుంటా ఒక అంబాసిడర్ కారు.
అందులో మడత నలగని కోటు, సన్నటి మీసం,
ఎడమ చేతికి రెండు వేళ్ళు వంకర.
మన్సూర్ జెర్రూకీ.
సముద్రానికి అవతల, ఎడారికి ఇవతల ఏదో దేశం,
దాని రాయబారి ఆఫీసులో బేరాలు చూసే చిన్న ఉద్యోగి.
మా ముగ్గురాయి కొనను వచ్చినాడు.

"దీంతో ఏం జేస్తారు సార్, మీ వాకిళ్ళలో గూడా ముగ్గులేస్తారా?"
డ్రైవరు మహబూబ్ పీరా ఉర్దూలో చెప్పె, నేను చేతుల్తో చెప్తి.
నవ్వినాడు.
"చమురు బావిలో పోస్తాం.
అడుగున గ్యాసు పైకి తన్నకుండా
బురదై అణిగి కూర్చోవాల, అదే దాని పని.
మెరిసే రాయి వద్దు మాకు, కూర్చునే రాయి కావాల."

మధ్యాన్నం కొర్రన్నం పెడితే
ముద్ద చేతిలో పట్టుకొని చానాసేపు చూసినాడు.
ఇట్లాంటిదే వాళ్ళమ్మ మూట గట్టి పంపేదంట
తెల్లోళ్ళ జైలుకు.
వేళ్ళ సంగతి ఆయన చెప్పలా. మేము అడగలా.

సాయంత్రం తూకం.
మేనేజరు పెంచలయ్య తెల్లార్తోనే పొడి మీద నీళ్ళు చల్లించినాడు.
టన్నుకు నలభై కిలోలు ఉత్త నీళ్ళు.
రాయమన్నది రాసినా. ఉద్యోగమొచ్చి నాలుగు నెలలు.
ఆయన పిడికెడు పొడి తీసి పిసికె.
ముద్దయింది, విడిపోలా.
నా మొగం చూసె. నా పెన్ను చూసె.

అరవలా. కాగితం చించలా.
పెంచలయ్య భుజం మీద చెయ్యేసి
"మీ ఊరి గాలిలో తేమ ఎక్కువ" అన్నాడు.
ఏప్రిల్లో! కడప జిల్లాలో!
"రేపు ఎండ బాగా కాసినాక ఇంకొకతూరి తూద్దాం.
కాటా గూడా అలిసిపోయింటుంది పాపం."

మరునాడు తూచినాం.
ఎవురి పరువూ పోలా, నీళ్ళు మాత్రం పోయినాయి.

ఆమీట ఆయన్ను రేడియోలోనే విన్నా.
రాయబారి అయినాడు.
రెండు దేశాలు ఇసుకలో గీత కోసం కొట్టుకుంటాంటే
నడాన పదకొండు రాత్రులు నిద్ర లేకుండా కూర్చున్నాడంట.
విదేశాంగ మంత్రి అయినాడు.
ఎనభై ఆరులో జెనీవా నుంచి నాకొక కార్డు.
ముందర మంచు కొండ, వెనక రెండు ముక్కలు:
"ఇక్కడ అన్ని కాటాలూ తడే. ఎండ లేదు."
పోస్టుమేను నాకంటే ముందే చదివి, అర్థం గాక
రహస్యమేమో అని రెండు దినాలు దాచిపెట్టినాడు.

తర్వాత వాళ్ళ దేశం మండింది.
ఎవురూ కూర్చోనన్న కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టినారు.
ప్రధానమంత్రి. పదమూడు నెలలు.
పేపర్లో ఫోటో: కోటు నలిగిపోయింది, చేతులు బల్ల కింద.
మిలిట్రీవాళ్ళు సంతకానికి ఒక లెక్క తెచ్చినారంట,
చచ్చినోళ్ళ లెక్క, తగ్గించి.
"మళ్ళా లెక్కబెట్టండి" అన్నాడంట.
వాళ్ళు లెక్కబెట్టలా. ఆయన సంతకం పెట్టలా.
కుర్చీ దిగి ఇంటికి నడిచిపోయినాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా.
ఆయన పోయినంక గూడా
ఎన్ని తడి లారీలకు నా పెన్ను కదిలిందో
అడిగేవాడు లేడు, నేనెందుకు చెప్పాల.
పెంచలయ్య పోయి ఇంకొకాయన వచ్చె,
నీళ్ళ ట్యాంకరు పెద్దదయ్యె.

నిన్న మనవడు సెల్లులో చూపించె.
ఎనభై నాలుగేండ్లు, నిద్రలోనే పోయినాడంట.
నాలుగు వరసలు, అందులో పేరు గూడా తప్పు.

చెప్పులేసుకొని గనికాడికి పోతి.
పాత కాటా మూల పడేసినారు, తుప్పు.
ఎక్కి నిలబడితి.
ముల్లు కదల్లా.
లారీలకు చేసిన యంత్రం,
ఒక్క మనిషి దానికి ఆనడు.

దిగలా.
ఎండ బాగా కాస్తాంది.