రెండు వందల పద్నాలుగో పద్దు

మా వృత్తిలో గంటకు పది ముక్కలు.
ముక్కకు ఆరు నిమిషాలు.
ఉత్తరం చదివితే ఒక ముక్క,
రాస్తే ఒక ముక్క,
ఫోన్ చేసి, "ఆయన లేరు" అనిపించుకుని పెట్టేసినా
ముక్కే.
లాయర్లు వాదిస్తారు, జడ్జీలు తీర్పు చెబుతారు,
అందరూ చేతులు కడుక్కుని లేచాక
ఎంగిలాకులు లెక్కపెట్టేవాణ్ణి నేను.
ఖర్చుల బిల్లులు రాస్తాను,
హాలిఫాక్స్‌లో, రొట్టెల దుకాణం మీది గదిలో,
ఇరవై ఆరేళ్ళుగా.

మిసెస్ ఓల్డ్‌రాయిడ్ గెలిచింది. అది ముందు చెప్పాలి.
కొండవాలు మీద ఆమె పెరడు,
దాని కింద సగ్డెన్ ఇల్లు.
కారు షెడ్డు కోసమని ఆయన మట్టి తవ్వించాడు.
ఆమె రాతిగోడ ఓ వానరాత్రి
రూబార్బ్ మడిని వెంటేసుకుని
ఆయన వాకిట్లోకి దిగింది.
తప్పు ఆయనదే అన్నాడు జడ్జి.
పదమూడు వేల ఆరువందల పౌండ్లు ఇమ్మన్నాడు.

అప్పుడు విప్పారు కవరు.
రెండేళ్ళ కిందటి ఉత్తరం,
తీర్పు దాకా జడ్జి కంట పడకూడని ఉత్తరం:
పద్నాలుగు వేలు ఇస్తాం, వదిలేద్దాం,
గడువు ఇరవై ఒక్క రోజులు.
ఆమె దాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించి
ఇరవై రెండో రోజున చింపేసింది.

నాలుగు వందలు తక్కువైంది.
అంతే.
ఆ గడువు దాటాక ఆయన పెట్టిన ప్రతి ఖర్చూ
ఇప్పుడు ఆమె నెత్తిన.
ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు,
గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడంటారు.
ఆమెకు ఇల్లు చేరేదాకా ఆగలేదట,
592 బస్సులో, పై అంతస్తు ముందు సీట్లో.

సగ్డెన్ తరఫున బిల్లు రాసింది నేనే.
ముప్ఫై ఒక్క వేల చిల్లర.
ఫైలు అడుగున మీగడ రంగు కార్డు ఒకటి,
నేరుగా పంపకూడదన్నారని లాయర్ల చేత పంపింది:
"మార్జొరీ సంగతి విన్నాను. గోడ గొడవ వేరు.
ఆమె నా గేటు దగ్గర ఆగి పలకరించేది."
నేను రాశాను:
214. ప్రతివాది భార్య మరణంపై వాది కార్డు చదువుట, ఒక ముక్క.
జవాబు అనవసరమని నిశ్చయించుట, ఒక ముక్క.
నలభై మూడు పౌండ్ల నలభై పెన్నీలు.
చెయ్యి వణికిందని చెప్పుకోవాలనుంది.
వణకలేదు.

మొదట కాగితాల మీదే తేల్చారు.
ఒప్పుకోక, విచారణ కావాలంది ఆమె.
జడ్జి థ్వెయిట్ పెన్సిల్ పట్టుకుని పద్దు పద్దూ దిగింది.
అవసరమేనా, సమంజసమేనా,
దావా విలువకు తగినదేనా,
సందేహం వస్తే కట్టేవాళ్ళ వైపే మొగ్గు.
ఫొటోకాపీలు సగానికి కోసింది.
ఇద్దరు లాయర్లు ఎందుకంది, ఒకరిని కొట్టేసింది.
214 దగ్గర పెన్సిల్ ఆగింది.
పైకి చదివింది, మెల్లగా.

"ఏ కార్డు?"
వెనక బెంచీలోంచి, టోపీ ఒళ్ళో పెట్టుకుని, సగ్డెన్.
ఆయన లాయరు వంగి
సంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.
"ఏ కార్డు అంటున్నాను."
జడ్జి అడ్డంగా గీత గీసింది.
215, అంది.

చివరికి ఇరవై ఆరు వేల రెండు వందలు.
ఆమె చెక్కుబుక్కు తెచ్చుకోలేదు,
గొడుగు తీసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.
నేను మెట్ల దగ్గర ఫైలు విప్పి
కార్డు ఆయన చేతికిచ్చాను.
ఎవరి ఖాతాలోనూ రాయని పని.

రెండు వాక్యాలూ ఒక మాటా. ఎంతసేపు పడుతుంది?
అలవాటు చొప్పున నా కళ్ళు గోడ గడియారం మీద.
ఒక ముక్క. రెండో ముక్క.
మూడోది మొదలయ్యేసరికి ఆయన
కార్డు వెనక్కి తిప్పి చూస్తున్నాడు.
అటువైపు ఏమీ రాసి లేదు.
మళ్ళీ తిప్పాడు.