గోడ తిన్న మాటలు

అమ్మ నిమ్మచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న వారం
మా వంటిల్లు నాన్న చేతికొచ్చింది.
వియానా ఓడల యార్డులో
ఇనుముని ఇనుముతో అతికించే మనిషి ఆయన.
ఇరవై రెండేళ్ళ కాపురంలో
వంటింట్లో ఆయనకి తెలిసినవి రెండే:
సీసా మూత తీసే పనిముట్టు ఉండే సొరుగు,
అమ్మ వీపు.

ఆదివారం భోజనానికి వస్తానన్నాడు జెఫెరీను పెదనాన్న.
వద్దనడం నాన్నకి చేతకాదు.
అమ్మ పడకగదిలో,
పిండికట్టు కాలు మూడు దిళ్ళ మీద ఊరేగిస్తూ
అటునుంచే వంట నడిపిస్తానంది.
మధ్యలో గోడ.
ముత్తాత కట్టిన రాతిగోడ, మూరెడు మందం.
చెప్పిన మాటలో సగం నమిలి మింగి
మిగిలింది ఇటు ఉమ్మేది.

"బెల్మీరూ, ఉప్పుచేప రెండు రోజులు నీళ్ళల్లో నానాలి!
నానకపోతే ముట్టుకోకు, గుడ్లు వండు!" అంది అమ్మ.
"రెండు... నీళ్ళల్లో... గుడ్లు" అంది గోడ.
నాన్న చేపని రెండుసార్లు నీళ్ళల్లో ముంచాడు,
గుడికి ముందు కాళ్ళు కడుక్కున్నట్టు.

బకల్యావ్ అంటే మామూలు ఎండుచేప కాదు.
తలుపుచెక్క. దాంతో దొంగని కొట్టొచ్చు.
నాన్న దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని
గోటితో టకటకా కొట్టి చూసి
"మంచి సరుకు" అన్నాడు.
రంపం తెచ్చాడు.

"ఉప్పు వెయ్యకు!"
"ఉప్పు వెయ్..."
"ఎంత?"
"ఒక్క పలుకు కూడా వద్దు!"
"ఒక్క... కూడా..."
ఒక్క గుప్పెడు అనుకున్నాడు.
మా నాన్న గుప్పిట్లో కోడి పడుకోగలదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. స్టూలు మీద కూర్చుని
బంగాళదుంపలు చెక్కుతున్నాను.
అమ్మ మాట నాకు పూర్తిగానే వినిపించింది, కిటికీ పక్కన కదా.
చెప్పలేదు.
ఎందుకని ఇప్పటికీ అడుగుతారు ఇంట్లో.
గుడ్డు పగలగొట్టబోయి ఆయన తన బొటనవేలు కొట్టుకోవడం,
పెంకు ఏరబోయి సొన మోచేతిదాకా కారడం,
అంత పెద్ద మనిషి అంత చిన్నదానికి
క్షమాపణ చెప్పడం
చూస్తూ ఉండిపోయాను, అంతే.

పాయసం మాత్రం కుదిరింది. నిజంగానే.
బియ్యం, పాలు, నిమ్మతొక్క, అడుగంటకుండా.
పైన దాల్చినచెక్క పొడితో ముగ్గులా గీతలు గియ్యాలి, మా వైపు పద్ధతి.
నాన్న కళ్ళజోడు యార్డులో మర్చిపోయాడు.
ఎర్రటి పొడి డబ్బా దొరికింది.
నాలుక చివర పెట్టుకుని, వెల్డింగు చేసేటంత శ్రద్ధగా
చుట్టూ అల, మధ్యలో అమ్మ పేరు.
ఇదాలీనా. మొత్తం. దీర్ఘాలతో సహా.
మిరపపొడితో.

పెదనాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని
చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, "సముద్రం గుర్తొచ్చింది" అన్నాడు.
పదకొండు గ్లాసుల నీళ్ళు తాగాడు. నేను లెక్కపెట్టాను.
మా పిల్లి పింపావ్‌కి ముక్క వేస్తే
చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి
పక్కింటివాళ్ళ దగ్గరికి కాపురం మార్చింది.
బుధవారం గానీ తిరిగి రాలేదు.
ఆ పూట మా ఇంట్లో కడుపునిండా తిన్నది
గోడ ఒక్కటే.

పాయసం గిన్నె అమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.
తన పేరు చూసుకుంది.
చెంచాతో "ఇ" తిని, "దా" తిని,
కళ్ళు ఎర్రబడి, ముక్కు కారి,
"ఏడుస్తున్నావా?" అని నాన్న గుమ్మంలోంచి అడిగితే
తల ఊపింది. అవునో కాదో తెలియకుండా.
"నా" దాకా తినేసింది.

తెల్లారి నాన్న యార్డునుంచి పెద్ద డ్రిల్లు తెచ్చాడు.
ముత్తాత గోడకి, పొయ్యి పక్కన,
పిడికిలి పట్టేంత కన్నం.
అంచులు నున్నగా అరగదీసి ఇనుప రింగు కూడా బిగించాడు.

అమ్మ కాలు ఎప్పుడో నయమైంది. కన్నం అలాగే ఉంది.
ఆదివారాలు నాన్నవి.
పన్నెండింటికి కన్నంలోంచి గరిటె బయటికొస్తుంది,
దాని వెనక ఆయన గొంతు: "ఉప్పు?"
అమ్మ పుస్తకం మీంచి కళ్ళెత్తకుండా నాకి చూసి
కన్నంలోకి ఒక్క మాట పంపిస్తుంది:
"సముద్రం."