లాకుల దగ్గర లెక్క

అమలాపురం ఆసుపత్రి. ఊదామూత గొట్టంలో
వీరవేణి రక్తం అటూ ఇటూ ఊగుతోంది.

టి కణాలన్నిటికీ ఇంటిపేరు ఒకటే, సిడి మూడు.
పక్కన నాలుగుంటే అది కేకేసేది:
గట్టు తెగిందర్రా, ఇసుక బస్తాలు తెండి!
ఎనిమిదుంటే మాటల్లేవు,
తెగులు పట్టిన మొక్కని వేళ్ళతో పీకేస్తుంది.

నాలుగు మీద ఇరవై ఐదూ ఉన్నది వేరు.
మా నాన్న బొబ్బర్లంక లాకుల మీద లస్కరు.
నీళ్ళు వదలడం ఎవడైనా చేస్తాడ్రా,
ఆపడమే ఉద్యోగం, అనేవాడు.
చాలు అనే కణం అది.
అది లేని ఒంట్లో
కాపలావాళ్ళే చేను తొక్కేస్తారు.

కొన్ని ముసలివి. ఎనభై ఆరు వరద
ఏ ఇటుక దాకా వచ్చిందో
ఇప్పటికీ వేలు పెట్టి చూపించే మా మేనత్త లాంటివి.
ఏళ్ళ తరబడి పడుకుని
ఒక్క వాసనకి లేచి కూర్చుంటాయి.

మిషను కాగితం తోసింది.
నాలుగువి మూడొందల నలభై.
కిందటిసారి తొంభై ఒకటి.

కిటికీ అవతల వీరవేణి,
చేతిలో పంటు టిక్కెట్టు నలుగుతోంది.
ఏవండీ, పెరిగాయా?

సిడి, గిడి ఏం చెప్పను.
శివారు చేలకి నీళ్ళెక్కాయమ్మా, అన్నాను.

ఆఖరి పంటు ఐదింటికి.
చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది.