ఏడు అంకె మడమ దగ్గర

అంబత్తూరు ఎస్టేట్‌లో మూడో అంతస్తు.
కిటికీ అవతల నవంబరు వాన
రేకుల కప్పుల్లో మేకులు దిగ్గొడుతోంది.
నా తెర మీద ఒక బస్సు బ్రాకెట్టు,
జానెడు ఉక్కు.
ఇంకా పుట్టనేలేదు. అయినా
పొద్దున్నించీ దాన్ని చంపుతున్నాను.

ముందు నునుపు చెయ్యాలి.
బోల్టు కంతల అంచులు తీసేశాను.
పక్క చెంప మీద అచ్చుకొట్టే భాగం నంబరు,
ఆరంకెలు, ఒక అడ్డగీత, రెండక్షరాలు,
అదీ తీసేశాను.
అంకెల చుట్టూ వల సరిగ్గా కూర్చోదు,
సూదుల్లాంటి ముక్కలు పడతాయి,
లెక్క రాత్రంతా నడిచి తెల్లారి మొరాయిస్తుంది.
ఒక్క నొక్కు.
కడిగిన పలకలా మిగిలింది బ్రాకెట్టు.

తర్వాత కోత. కత్తి లేదు, రజను రాలదు.
మూడు లక్షల నలభై వేల ముక్కలు.
ప్రతి ముక్కకీ పక్క ముక్క ఒక్కటే తెలుసు,
నువ్వు జరిగితే నేను జరుగుతాను,
నువ్వు లాగితే నేను సాగుతాను,
అంతవరకే.
బరువు ఎక్కణ్ణించి వచ్చిందో
ఎవరూ ఎవర్నీ అడగరు.

కొన్ని మూలలుంటాయి,
ఎంత సన్నగా కోస్తే అంత పెరుగుతుంది అక్కడి సంఖ్య.
అది లోహం బాధ కాదు, నా గీతకున్న పదును.
దాన్ని చూసి భయపడకూడదని
చేరిన కొత్తలో ప్రభావతి మేడం చెప్పారు.
దేన్ని చూసి భయపడాలో చెప్పలేదు.

నీలం, ఆకుపచ్చ, పసుపు.
మెడ వంపు దగ్గర వేలిగోరంత ఎరుపు.
ఇక్కడే అని బాణం గీసి
పది లక్షల ఊపులు అని రాసి
టీకి వెళ్ళాను.

మూడు వారాలకి నిజం బ్రాకెట్టు వచ్చింది,
శ్రీపెరంబుదూరు నుంచి, గోనెసంచిలో, నూనె ఓడుతూ.

కింద షెడ్డులో ఏకాంబరం గారు
ముప్ఫై ఏళ్లుగా వస్తువులు విరగ్గొట్టి జీతం తీసుకుంటున్నారు.
వ్యాసర్పాడి మనిషి. తాతల తెలుగు, వీధి అరవం.
ఊపే యంత్రం పక్కన ఇనుప స్టూలేసుకుని
చెవితో కాపలా కాస్తారు.
"బీట ముందు కంటికి ఆనదమ్మా,
శ్రుతి దిగిపోద్ది."
ఆవడి లోకల్ పోయేటప్పుడు మాత్రం
చెయ్యెత్తి, పోనీ, అంటారు ఎవరితోనో.

రెండు లక్షల పదకొండు వేల దగ్గర
ఫోను మోగింది. "దిగి రా."

మెడ వంపు చెక్కు చెదరలేదు.
నా ఎరుపు ఉండాల్సిన చోట
చల్లగా, నిద్రలో ఉన్నట్టుంది ఉక్కు.
ఆయన ఎర్రరంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లి
ఊది చూపించారు.
వెంట్రుకంత గీత నెమ్మదిగా పైకి ఊరింది.
భాగం నంబరులో నాలుగో అంకె, ఏడు.
దాని మడమ దగ్గర బయల్దేరి
తెలిసిన దారిలా కిందికి.

ఎవరు కొట్టారో ఆ అచ్చు,
కొంచెం లోతుగా, కొంచెం వంకరగా,
శనివారం షిఫ్టు చివర్న కావచ్చు,
చెయ్యి ఇంటికి తొందరపడుతూ.

"ఏడుని చూసి ఏడవబాక," అన్నారాయన,
తన మాటకి తనే నవ్వుకుంటూ.
"నీ లెక్క బాగానే ఉండాది.
ఇది అందులో లేదు, అంతే గదా."

ఆ రాత్రి చెరిపినవన్నీ తిరిగి తెచ్చాను.
ఆరంకెలు, అడ్డగీత, రెండక్షరాలు.
సూదులు పడితే పడనీ.
ఏడు ఒక్కదాని చుట్టూ
పందొమ్మిది వేల ముక్కలు గుమిగూడాయి,
వీధిలో ఏదో జరిగినట్టు.

రిపోర్టులో కారణం అనే గడిలో రాశాను,
గుర్తుపట్టడానికి కొట్టిన గుర్తు.
మేడం దాన్ని కొట్టేసి
ఉపరితల లోపం అని దిద్దారు.
అదీ నిజమే.

విరిగిన ముక్క ఇప్పుడు
ఏకాంబరం గారి హాజరు పుస్తకం మీద బరువు.
ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాలు లేవబోతాయి.
మా పేర్ల మీద
అది అలా కూర్చుని ఉంటుంది.